సేనల వెంట నడచిన తపాలు

పత్తికొండలో 1827 జూలై 6వ తేదీన కలరా సోకి మరణించిన సర్ తామస్ మన్రోను ఈ సీమవారు నేటికిని మరువలేదు. ఆయన చెన్నపట్టణమునకు గవర్నరుగా నుండినప్పుడే, 1824లో, మద్రాసు సిపాయిలు ఓడలెక్కి రంగూనునకు పోయిరి. ఆ దండునకు మనుష్యులను, సరకులను సమకూర్చు భారము చాలవరకు మన్రోపై బడెను. అదే యేట బెంగాలు సిపాయిలు కొందరు బారక్‌పూరులో తిరుగబడగా, మద్రాసు పటాలములు సముద్రము దాటినవి. వానిలో తెలుగువారును, తమిళులును, మహమ్మదీయులును ఉండిరి. ఉత్తరాదివారు కంపెనీ సిపాయిని ‘తిలంగా’ యని పిలుచుటయే తెలుగువాని పాతకొలువునకు సాక్ష్యము.

అంతమంది ఇల్లు విడిచి పోయిరి గదా, వారి ఉత్తరములేవి?

అప్పటికి తపాలు బిళ్లలు లేవు. దేశమంతటను చెల్లు బిళ్లలు 1854 అక్టోబరు 1న వచ్చెను. సేన వెంట తపాలు కచేరి నడచుట 1856 నాటి పారసీక దండయాత్రలో బుషైరు రేవున ఆరంభమాయెను. 1900లో చైనాకు పోయిన సేనకై హిందూదేశపు బిళ్లలపై ‘సి.ఇ.ఎఫ్.’ అనియు, 1914లో ‘ఐ.ఇ.ఎఫ్.’ అనియు అచ్చొత్తిరి. దండు విడిసిన చోటు బయటపడరాదు గనుక, ముద్రలో ఊరిపేరునకు మారుగా ‘ఎఫ్.పి.ఓ.’ యను అక్షరములును ఒక అంకెయు నుండును. ఆ అంకెగల కచేరి ఏ నెలలో ఎక్కడ నుండెనో విప్పుటయే ఈ సేకరణలోని రసము. బిళ్లను మాత్రము కత్తిరించి పుస్తకమున అంటించి కవరును పారవేయువారు పొట్టు దాచుకొని గింజ పారబోసినవారే.

మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సులోని సిపాయిల ఉత్తరములను సెన్సారు అధికారులు చదివి, కొన్నిటిని ఇంగ్లీషులోనికి మార్చి నివేదికలలో చేర్చిరి. ఆ నివేదికలు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. అనేకుల మాట ఈనాడు ఆ పరాయి నకళ్లలోనే వినవలసి యున్నది. అందును పంజాబీ, ఉర్దూ, హిందీ ఉత్తరములే మెండు.

తెలుగు ఉత్తరముల కొరతకు ఇంటి వాడుకయు కొంత కారణము. వచ్చిన ఉత్తరమును దూలమునకు వ్రేలాడు ఇనుపతీగకు గ్రుచ్చెడివారు. తీగ నిండినంతనే పాతవి పొయ్యిపాలయ్యెడివి. చావుకబురు తెచ్చిన ఉత్తరమునైతే చదివిన వెంటనే చించెడివారు, ఇంట నుంచెడివారు కారు. దుఃఖములో నున్నవారిని తప్పుపట్టుట ఎవరి తరము? కాని సిపాయి కథలో అన్నిటికంటె ముఖ్యమైన కాగితము ఆ విధముననే పోయెను.

ఇక దొరకు ఆశ గలవి 1939-45 యుద్ధకాలపు కవర్లు. బర్మానుండియు, ఇటలీనుండియు వచ్చినవి బేతంచెర్ల నాపబండల ఇండ్ల గూళ్లలో నుండవచ్చును. ఈ పొడిగాలి కాగితమునకు మంచిదే, చెదలే శత్రువు. బిళ్లను ఊడదీయరాదు. కవరును లోని కాగితమును వేరుచేయరాదు. తీగచిల్లి యున్నను చింతలేదు. ఎవరు ఎవరికి వ్రాసిరో పెద్దలుండగనే అడిగి, వేరొక కాగితముపై వ్రాసి జతపరుపవలెను. ముద్రలోని అంకెను తరువాత ఎవరైనను విప్పగలరు, ఆ పేర్లను మాత్రము ఇంటివారే చెప్పవలెను.