పంజిం చేరిన టెలిగ్రాం

1961 డిసెంబర్ 14. లిస్బన్ నుంచి పోర్చుగల్ ప్రధాని సలజార్ పంపిన టెలిగ్రాం గోవా గవర్నర్ జనరల్ వస్సాలో ఎ సిల్వా చేతికి అందింది. దాని సారాంశం ఇది: లొంగుబాటు మాటే ఉండకూడదు. మన సైనికులు, నావికులు గెలిచైనా కనిపించాలి, చచ్చైనా కనిపించాలి. కనీసం ఎనిమిది రోజులు నిలబడాలి. ఆలోగా ప్రపంచ దేశాలను కదిలిస్తాం.

గవర్నర్ వృత్తిరీత్యా సైనిక ఇంజినీరు, లెక్కలు తెలిసిన మనిషి. తన దగ్గరున్నది మూడు వేల పైచిలుకు సైన్యం. యుద్ధ విమానం ఒక్కటీ లేదు. రేవులో 1930ల నాటి యుద్ధనౌక ఒకటుంది. 1510లో గోవాను ఆక్రమించిన అల్బుకెర్క్ పేరే దానికి పెట్టారు. సరిహద్దుకు ఇవతల మేజర్ జనరల్ కాండెత్ నాయకత్వంలో 17వ డివిజన్, బ్రిగేడియర్ సగత్ సింగ్ పారా బ్రిగేడ్ సిద్ధంగా ఉన్నాయి. ఆ బలానికి ఎనిమిది రోజులు ఎదురు నిలవాలంటే వంతెనలు పేల్చుకుంటూ, ఊళ్లు తగలబెట్టుకుంటూ వెనక్కి తగ్గాల్సిందే. అప్పటికి రెండు రోజుల క్రితమే, లిస్బన్ వద్దంటున్నా వినకుండా, రేవుకు వచ్చిన ‘ఇండియా’ అనే ప్రయాణికుల ఓడలో యూరోపియన్ కుటుంబాలను కిక్కిరిసేలా ఎక్కించి పంపేశాడాయన.

ఆ టెలిగ్రాం పంపిన పాలకుడు మాటలకు లొంగే రకం కాడు. ఈ సంగతి తెలుసుకోకపోతే ఆ తర్వాత జరిగిన యుద్ధం న్యాయమా అన్యాయమా అన్న ప్రశ్న గాలిలో తేలిపోతుంది.

మన యానాంనే చూడండి. అక్కడ ఫ్రెంచి జెండా 1954లో దిగింది. పుదుచ్చేరితో పాటు దాన్ని అప్పగించడానికి ఫ్రాన్స్ చర్చల బల్ల దగ్గర ఒప్పుకుంది. సైన్యం వెళ్లాల్సిన పని పడలేదు. సలజార్ మాత్రం 1951లో రాజ్యాంగాన్నే మార్చి, గోవా వలస రాజ్యం కాదు, సముద్రానికి అవతలున్న పోర్చుగల్ రాష్ట్రం అన్నాడు. సొంత రాష్ట్రం గురించి ఇంకొకరితో చర్చలేమిటన్నది అతని వాదన.

గోవా జనం మాత్రం ఎవరో వచ్చి విడిపిస్తారని చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1946 జూన్ 18న మడ్‌గావ్‌లో సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా సభలో మాట్లాడబోతే అరెస్టు చేశారు. అదే ఏడాది గోవా జాతీయవాది త్రిస్తావ్ ద బ్రగాన్సా కున్హాను పట్టుకుని, శిక్ష వేసి, సముద్రాలు దాటించి పోర్చుగల్‌లోని పెనీష్ కోటలో పెట్టారు. 1955 ఆగస్టు 15న వట్టి చేతులతో సరిహద్దు దాటిన సత్యాగ్రహులపై కాల్పులు జరిపారు. ఇరవై మందికి పైగా అక్కడికక్కడే నేలకొరిగారు. గాంధీ చూపిన దారిలో నడిచినవాళ్లకు దక్కిన జవాబు అది.

ఆ కాల్పులు జరిగిన మూడు నెలలకు పడమటి కనుమల అడవుల్లో ఒక రహస్య రేడియో గొంతు విప్పింది. నడిపినవాళ్లు లిబియా లోబో, వామన్ సర్దేశాయ్. చుట్టూ జలగలు, పాములు, ఎడతెరిపిలేని వాన. అక్కడి నుంచే కొంకణిలో, పోర్చుగీసులో రోజూ ప్రసారం చేసేవారు. గోవా పత్రికల్లో సెన్సారు కొట్టేసిన వార్తలు ఆ గొంతులోనే వినిపించేవి. ఇళ్లల్లో తలుపులు మూసుకుని, శబ్దం తగ్గించుకుని వినేవారు. అలా ఆరేళ్లు సాగింది.

డిసెంబర్ 17 రాత్రి భారత సైన్యం కదిలింది. మర్నాడు మన విమానాలు దాబోలిం రన్‌వే మీద, బాంబోలిం రేడియో కేంద్రం మీద బాంబులు వేశాయి. అంజదీవ్ దీవిలో దిగిన మన నావికుల్లో ఏడుగురు ప్రాణాలు విడిచారు. ఆ మధ్యాహ్నమే అల్బుకెర్క్ పేరున్న ఓడ మన యుద్ధనౌకల గుండ్లకు దెబ్బతిని ఒడ్డుకెక్కింది. దాని కెప్టెన్ తీవ్రంగా గాయపడ్డాడు. పక్కదారిన వచ్చి సాయపడమని మాత్రమే ఆదేశమున్న సగత్ సింగ్ పారా దళాలు 19వ తేదీ ఉదయం అందరికంటే ముందు రాజధాని పంజింలో అడుగుపెట్టాయి. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు వాస్కోలో, కారు హెడ్‌లైట్ల వెలుగులో, వస్సాలో ఎ సిల్వా లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. ఊళ్లు తగలబెట్టలేదు. ఎనిమిది రోజులు ఆగలేదు. ఇందుకు పోర్చుగల్ ఆయన్ని సైన్యం నుంచి వెళ్లగొట్టింది. 1974లో ఆ నియంతృత్వం కూలాకే ఆయన హోదా ఆయనకు తిరిగొచ్చింది. నా దృష్టిలో గోవా ప్రజల ప్రాణాలు కాపాడినవాళ్లలో ఆయనా ఒకరు.

లిబియా, వామన్ వాయుసేన విమానమెక్కి, లౌడ్‌స్పీకర్‌లో గోవా విముక్తమైందని చాటుతూ, కరపత్రాలు జల్లుతూ ఊళ్ల మీదుగా తిరిగారు. అన్నాళ్లూ అడవిలో దాక్కున్న గొంతు ఆకాశం నుంచి వినిపించింది.

డిసెంబర్ 18న భద్రతా మండలిలో అమెరికా ప్రతినిధి స్టీవెన్సన్ దీన్ని దురాక్రమణ అన్నారు. ఐక్యరాజ్యసమితి చావుకు ఇది తొలి అంకం కావచ్చని హెచ్చరించారు. కాల్పులు ఆపి సైన్యం వెనక్కి పోవాలన్న తీర్మానానికి ఏడు ఓట్లు పడ్డాయి. సిలోన్, లైబీరియా, ఈజిప్టు, సోవియట్ యూనియన్ వ్యతిరేకించాయి. సోవియట్ వీటోతో అది వీగిపోయింది. ఆ మూడు చిన్న దేశాల ఓటు నాకు సోవియట్ వీటో కంటే విలువైనది. వలస పాలన అంతం కావాలని 1960 డిసెంబర్ 14న తీర్మానించింది ఆ సమితే. ఏడాది గడిచినా సలజార్ దాన్ని పట్టించుకోలేదు.

స్టీవెన్సన్ భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. బలమున్న ప్రతి దేశం ‘విముక్తి’ పేరు చెప్పి పొరుగింట్లో దూరితే చిన్న దేశాలకు దిక్కేది? అందుకే గోవాను గుడ్డిగా ఉదాహరణ చేసుకోకూడదు. ఇక్కడ ప్రజలు ముందే లేచారు. భారత్ పద్నాలుగేళ్లు అడిగింది, ఆగింది. యుద్ధంలో మనవాళ్లు 22 మంది, అటువైపు దాదాపు 30 మంది చనిపోయారు. విడిపించడానికి ఏ దేశ సైన్యమూ వెళ్లని అంగోలాలో, మొజాంబిక్‌లో అదే సలజార్ పాలనలో మొదలైన యుద్ధాలు 1974 దాకా సాగి వేలాది ప్రాణాలు తీశాయి.

గోవా దాడికి పై అధికారి జనరల్ జె.ఎన్. చౌదురి. 1948లో హైదరాబాద్‌లోకి సైన్యాన్ని నడిపించింది ఆయనే. నిజాం పాలన నుంచి విముక్తి అవసరమే. కానీ ఆ పోలీసు చర్య తర్వాత మరఠ్వాడాలో, ఇతర జిల్లాల్లో వేలాది సామాన్య ముస్లింల ప్రాణాలు పోయాయని, కేంద్రమే పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. సైన్యం ఎందుకు వెళ్లిందని అడిగినట్టే, వెళ్లాక ఏం జరిగిందనీ అడగాలి. గోవాలో అలాంటి ఊచకోత జరగలేదు. అయితే మీకేం కావాలని గోవా జనాన్ని అడగడానికి ఢిల్లీకి ఐదేళ్లు పట్టింది.

అయినా గోవా యుద్ధం న్యాయమైనదే. ఆలస్యంగానైనా జనం మాట అడిగారు. 1967 జనవరి 16న, మహారాష్ట్రలో కలుస్తారా, విడిగా ఉంటారా అని అడిగినప్పుడు 1,38,170 మంది కలుస్తామన్నారు, 1,72,191 మంది విడిగానే ఉంటామన్నారు. ఢిల్లీ ఆ తీర్పును పాటించింది. 1987 మే 30న గోవా రాష్ట్రమైంది.