కొత్త తుపాకీకి పాత గీతలు

పోయిన చలికాలం నాలుగు వీకెండ్లు మా గరాజ్‌లో కూర్చుని ఒక కొత్త వస్తువుని పాతదిగా మార్చాను. వస్తువు తుపాకీ. కంగారుపడకండి, బొమ్మే. స్పెయిన్‌లో పోతపోసిన మౌజర్ సి96 నకలు. గుండు పట్టదు, పేలదు, గొట్టం మూసేసి ఉంటుంది. దాని నెత్తిన ఒక స్కోపు, మూతికి శంకువులాంటి ఒక ముక్క తగిలిస్తే స్టార్‌వార్స్ మొదటి సినిమాలో హాన్ సోలో తొడకి వేలాడే బ్లాస్టర్ తయారవుతుంది. అభిమానుల భాషలో డిఎల్-44.

డబ్బా విప్పగానే నిరాశగా అనిపించింది. ఆకారం అచ్చు అదే. బరువు కూడా చేతికి తెలుస్తోంది. కానీ నల్లటి లక్కపూత నిగనిగలాడుతూ, షోరూమ్‌లోంచి అప్పుడే దిగిన బైక్‌లా ఉంది. హాన్ సోలో దగ్గర అప్పులున్నాయి, పాత ఓడ ఉంది, ఓడలో సగం పార్టులు పనిచెయ్యవు. అలాంటివాడి దగ్గర ఇంత కొత్త తుపాకీ ఎందుకుంటుంది?

ఈ పాతదనం గొడవ ఆ సినిమాతోనే మొదలైంది అనలేం గానీ, అంత పట్టుదలగా చేసిన సినిమా అంతకుముందు తక్కువ. తెర మీద భవిష్యత్తంటే తెల్లటి గోడలు, ముడతల్లేని యూనిఫారాలు అని జనం అలవాటుపడిన రోజులవి. జార్జ్ లూకస్‌కి వాడేసిన ప్రపంచం కావాలి. నూనె మరకలు, సొట్టలు, దుమ్ము. చేతిలో డబ్బు తక్కువ. 1976లో లండన్ దగ్గర ఎల్‌స్ట్రీ స్టూడియోలో షూటింగ్. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ ఈ రెండు సమస్యలకీ కలిపి ఒకటే జవాబు కనిపెట్టాడు: కొత్తగా ఏదీ తయారుచెయ్యొద్దు, పాతవి తెచ్చి అతికిద్దాం. లూక్ కత్తి పిడి పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ గొట్టం. తెల్ల సైనికుల తుపాకులు బ్రిటిష్ స్టెర్లింగ్‌లు. హాన్ సోలోది మౌజర్. తుపాకులన్నీ సినిమాలకి ఆయుధాలు అద్దెకిచ్చే బాప్టీ కంపెనీవి. క్రిస్టియన్‌కీ అతని జట్టుకీ ఆ సినిమాకి ఆస్కార్ వచ్చింది.

అంటే తెర మీద మనం చూసిన అరుగుదల ఎవరూ కష్టపడి తెచ్చింది కాదు. ఆ మౌజర్ సినిమాలోకి వచ్చేటప్పటికే ముసలిది. ఫ్రాంక్ సినాట్రా 1967లో చేసిన ‘ది నేకెడ్ రన్నర్’ లోనూ అదే కనిపిస్తుందని అభిమానులు గీతలు, కోతలు పోల్చి తేల్చారు. స్టార్‌వార్స్ షూటింగ్ అయ్యాక తగిలించిన ముక్కలు ఊడదీశారు, తుపాకులు మళ్ళీ అద్దెల అలమరలోకి వెళ్ళిపోయాయి. అప్పుడు అది ఎవరికీ పవిత్ర వస్తువు కాదు కదా. మొదటి సినిమాకి వాడినవాటిలో మిగిలింది ఇదొక్కటే అంటూ 2022 ఆగస్టులో అమెరికాలో ఒకటి వేలానికి పెడితే 10,57,500 డాలర్లకి పోయింది. నేను నకలు చేస్తున్నది అలా విడిపోయిన ఒక కూర్పుని. ఆధారాలు ఫోటోలు, ఆగిపోయిన ఫ్రేములు.

సరే, పని సంగతి. ముందు పెయింట్ రిమూవర్‌తో లక్కపూత తీసెయ్యాలి. కింద లోహం బయటపడుతుంది. అచ్చు రెండు సగాలూ కలిసినచోట సన్నటి గట్టు ఉంటుంది. దాన్ని ఆకురాయితో మెల్లిగా దించి, 400 నంబరు గరుకు కాగితం, తర్వాత 800. ఇక్కడ ఓపిక పట్టనివాళ్ళ బొమ్మలు ఎంత నల్లగా చేసినా బొమ్మల్లాగే ఉంటాయి.

ఆ తర్వాతే నాకు పెద్ద దెబ్బ తగిలింది. అసలు మౌజర్ ఉక్కుది. ఉక్కుకి ఆ నీలినలుపు ఎలా వస్తుందంటే, తుప్పుతోనే. ఉక్కుని కావాలని తుప్పు పట్టించి, మరిగే నీళ్ళలో వేస్తే ఎర్ర తుప్పు నల్ల తుప్పుగా మారుతుంది. బ్రష్‌తో గీకి, మళ్ళీ తుప్పు పట్టించి, మళ్ళీ మరిగించి, ఇలా కొన్నిసార్లు చేస్తారు. మంచి తుప్పుని పైన కప్పి చెడ్డ తుప్పుని ఆపడం అన్నమాట. నా బొమ్మ ఉక్కు కాదు, జింకు. నాలుగు శాతం దాకా అల్యూమినియం కలిపిన జింకు మిశ్రమం. ఇది తెలిసి కూడా, ఏమవుతుందిలే అని ఉక్కుకి వాడే బ్లూయింగ్ ద్రావకం పూశాను. బూడిదరంగు మచ్చలు, మధ్యలో నా బొటనవేలి ముద్ర. పోలీసులకి కూడా అంత స్పష్టంగా దొరకదు. మొత్తం గీకి మొదటికొచ్చాను.

జింకుని నలుపు చెయ్యడానికి వేరే మందుంది. అల్యూమినియం కోసం అమ్మేదే దీనికీ పనిచేస్తుంది. రాస్తుంటే కళ్ళముందే నల్లబడుతుంది. ఇది చూసినప్పుడు ఎక్కడో చూశానే అనిపించింది. చూసింది హైదరాబాద్‌లో, బిద్రీ పని దగ్గర. బిద్రీ కూజా ఒళ్ళు కూడా జింకే, కొద్దిగా రాగి కలుపుతారు. వెండి తీగ పొదిగాక, బీదర్ కోట పాత గోడల దగ్గర తీసిన మట్టిని నవాసారంతో కలిపి, ఆ నీళ్ళతో వేడి చేసి పట్టిస్తారు. జింకు నల్లబడుతుంది, వెండికి ఏమీ కాదు. నిజాం రాజ్యంలో ఉన్న ఊరి పనివాళ్ళకి ఈ కిటుకు ఏ కెమిస్ట్రీ పుస్తకమూ చెప్పక్కర్లేకపోయింది. నేను ఇంజనీరింగ్ చదివి కూడా మందు తప్పు పూశాను.

నలుపెక్కాక అసలు పని, దాన్ని మళ్ళీ పోగొట్టడం. అన్నిటికన్నా సన్నటి స్టీల్ ఊల్ తీసుకుని రుద్దాలి. ఎక్కడ? కొత్తగా చేసేవాళ్ళందరూ చేసే తప్పే నేనూ చేశాను. అంతటా సమానంగా రుద్దాను. పైన కాసిని గీతలు గీశాను. ఫలితం, పాత తుపాకీలా కాకుండా ఎవరో గీకిన కొత్త తుపాకీలా ఉంది. ప్రోగ్రాం రాసేవాడికి ఈ తేడా వెంటనే అర్థం కావాలి. ర్యాండమ్ నంబర్లతో నింపిన డేటాని నిజం డేటా పక్కన పెడితే ఇట్టే దొరికిపోతుంది. అరుగుదలకి కారణం ఉంటుంది. తోలు ఒరలోంచి రోజూ తీసి పెట్టేదైతే మూతి దగ్గర, ఎత్తుగా ఉన్న అంచుల మీద పోతుంది. వెనక్కి లాగే చోట రెండు వేళ్ళు పట్టే మేర తెల్లబడుతుంది. పిడి చెక్కలో అరచెయ్యి తగిలే చోట నున్నగా అయి, మూలల్లో మురికి పేరుకుంటుంది. గుంటల్లో నలుపు అలాగే ఉంటుంది, అక్కడికి ఏదీ చేరదు కాబట్టి. గీత పెట్టాలంటే ముందు ఒక మనిషిని ఊహించాలి. కుడిచేతి వాటమా? ఒర ఎలాంటిది? కింద పడేశాడా ఎప్పుడైనా?

హాన్ సోలో లేడు కాబట్టి, ఈ మోడల్‌ని నిజంగా పట్టుకున్నవాళ్ళెవరో చదవడం మొదలుపెట్టాను. అక్కడ్నించి నా వీకెండ్లు వేరే దారి పట్టాయి.

ఇది జర్మనీలోని ఓబర్న్‌డార్ఫ్‌లో ఫీడెర్లే సోదరులు 1890లలో రూపొందించిన పిస్తోలు. లోపలి భాగాలన్నీ ఒకదాంట్లో ఒకటి పజిల్‌లా ఇమిడి ఉంటాయి. పిడి చెక్కలు పట్టే ఒక్క స్క్రూ తప్ప ఇంకో స్క్రూ లేదు. అలాంటి కోడ్ రాయాలని ఏ ఇంజనీరుకైనా ఉంటుంది. చర్చిల్ 1896లో బొంబాయి సాసూన్ రేవులో దిగుతూ భుజం జార్చుకున్నాడు. దాంతో కత్తి తిప్పలేక 1898లో సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ యుద్ధానికి ఈ మౌజర్‌తో వెళ్ళాడు. ఆ ఒక్క పూటలో పదివేలమందికి పైగా సూడానీలు చనిపోయారు. ఈ పిస్తోలు చరిత్ర రాసేవాళ్ళు చర్చిల్ పేరు చెప్పి ముందుకెళ్ళిపోతారు, ఎందుకో.

నన్ను ఆపేసింది మాత్రం కలకత్తా. 1914 ఆగస్టు 26. రోడా అండ్ కో అనే ఆయుధాల కంపెనీకి ఓడలో సరుకొచ్చింది, 202 పెట్టెలు. కస్టమ్స్ నుంచి విడిపించుకు రావడానికి గుమాస్తా శ్రీశ్‌చంద్ర మిత్ర ఎడ్లబళ్ళు తీసుకెళ్ళాడు. గోడౌనుకి చేరినవి 192. మిగిలిన పది ఎక్కిన బండి తోలినవాడు బండివాడి వేషంలో ఉన్న విప్లవకారుడు హరిదాస్ దత్తా. ఆ పదింట్లో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46 వేల తూటాలు. గుమాస్తా మళ్ళీ ఆఫీసుకి రాలేదు.

1918 నాటి రౌలట్ కమిటీ నివేదికలో దీనికి ప్రత్యేకంగా చోటుంది. ఒక్కో పిస్తోలుకీ నంబరుందని, కంపెనీ దగ్గర ఆ లెక్క ఉందని రాశారు. 44 పిస్తోళ్ళు వెంటనే తొమ్మిది బృందాలకి పంచారని, తర్వాతి 54 దోపిడీ, హత్య కేసుల్లో అవి వాడారని, 31 తిరిగి దొరికాయని లెక్క కట్టారు. పిస్తోలు పెట్టుకునే చెక్కపెట్టెని పిడికి తగిలిస్తే రైఫిల్‌లా భుజానికి ఆనించి కాల్చొచ్చని కూడా నివేదికలో ఉంది. చదువుతుంటే రాసినవాళ్ళ భయం తెలుస్తుంది. ఆ కమిటీ పేరే మరుసటి ఏడాది చట్టానికొచ్చింది, ఆ చట్టం మీద నిరసనల్లోంచే జలియన్‌వాలాబాగ్ దాకా కథ నడిచింది. ఆ మధ్యలో 1915 సెప్టెంబరు 9న బాలాసోర్ దగ్గర బాఘా జతిన్, మరో నలుగురూ మౌజర్లతోనే పోలీసుల్ని ఎదుర్కొన్నారు. చిత్తప్రియ రాయ్‌చౌధురి అక్కడే చనిపోయాడు, జతిన్ మర్నాడు ఆసుపత్రిలో.

ఇది చదివాక బొమ్మ చేతిలోకి తీసుకుంటే కాస్త ఇబ్బందిగా అనిపించింది. ఆ యాభై పిస్తోళ్ళు కలకత్తాలో దిగినప్పుడు సరికొత్తవి. ఒరల్లో తిరిగినవి కావు. నా ఊహలో అవి ధోవతి మడతల్లో, మట్టిలో, బెంగాల్ వానాకాలం తేమలో ఉండి ఉంటాయి. వాటి మీద గీతలు పడలేదు, తుప్పు పట్టి ఉంటుంది. నేను దేన్నయితే స్టైల్ అనుకుని స్టీల్ ఊల్‌తో రుద్దుతున్నానో, అది అక్కడ ఎవడో ఇరవయ్యేళ్ళవాడు ప్రాణం పోతుందేమోనని చూసుకునే లోపం. పనిచెయ్యాల్సిన క్షణంలో ఇరుక్కుపోతే?

అప్పుడే మా అమ్మానాన్న ఆర్నెల్ల వీసా మీద వచ్చి ఉన్నారు. నాన్న ఒకరోజు టీ గ్లాసుతో గరాజ్‌లోకొచ్చి కాసేపు చూశాడు.

"ఏం చేస్తున్నావురా అది?"

"పాతదానిలా కనిపించేట్టు చేస్తున్నా నాన్నా."

"ఎంతైంది?"

చెప్పాను, కొంచెం తగ్గించి.

"మరి తాతయ్య ట్రంకుపెట్టెకి రంగేయించావు కదరా."

నిజమే. గృహప్రవేశానికి ఊరెళ్ళినప్పుడు తాతయ్య ఇనప ట్రంకుపెట్టె వరండాలో ఉంటే, తుప్పు పట్టింది, చూడ్డానికి బాగా లేదని పెయింటర్ చేత ఎనామిల్ నీలం రంగు వేయించింది నేనే. మూత మీద తెల్లరంగుతో తాతయ్య ఇంటిపేరు, పేరు, ఊరు, ఏ జిల్లాయో రాసి ఉండేవి. రైలెక్కేటప్పుడు మారిపోకుండా ఆయనే రాసుకున్నాడట. గొళ్ళెం చుట్టూ నలభై ఏళ్ళ వేళ్ళ గుర్తు ఉండేది. అవన్నీ రెండు కోటింగుల కింద ఉన్నాయిప్పుడు.

నాన్న కోప్పడలేదు. టీ తాగి, బొమ్మని పట్టుకుని బరువు చూసి, "పిడి మాత్రం బాగా కుదిరిందిరా" అని లోపలికెళ్ళిపోయాడు.

బ్లాస్టర్ పూర్తిచేశాను. గాజు అలమరలో ఉంది, చూసినవాళ్ళు నిజంది అనుకుంటున్నారు. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పెయింట్ రిమూవర్, చిన్న బ్రష్, గుడ్డ తీసుకుని ట్రంకుపెట్టె ముందు కూర్చున్నాను. నీలం కింద ఎర్ర ప్రైమర్. దాని కింద తెల్లటిదేదో తగిలింది. రాతే. కానీ ప్రైమర్‌కీ రాతకీ మందు ఒకటే, ఇది కరిగితే అదీ కరుగుతుంది. ఇంటిపేరు మొదటి అక్షరం సగం బయటపడ్డాక ఆపేశాను.