సార్వా వదిలేసిన ఊళ్లు: కోనసీమ క్రాప్ హాలిడే కథ

ఈ ఎపిసోడ్‌లో అల్లవరం వైపు వెళ్దాం. మ్యాప్ ఓపెన్ చేసి చూడండి. ఒకపక్క వైనతేయ గోదావరి, కింద బంగాళాఖాతం. ఓడలరేవు దగ్గర రెండూ కలుస్తాయి.

ఇక్కడ రైతుని క్లైమేట్ చేంజ్ గురించి అడిగితే మాట కాసేపట్లోనే మురుగు డ్రెయిన్ల మీదకి వెళ్తుంది. ఆయనకి అవగాహన లేదని మాత్రం అనుకోకండి. ఎందుకో చెప్తాను.

1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర నీళ్లు తెచ్చాడని అందరం చెప్పుకుంటాం. వచ్చిన నీళ్లు బయటికి ఎలా పోవాలి అన్నది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఈ భూమి సముద్రానికి దాదాపు సమానంగా ఉంటుంది. పాటు వచ్చినప్పుడే డ్రెయిన్ లాగుతుంది. పోటు వస్తే ఉప్పునీరే ఎదురొస్తుంది. దానికి తోడు మొగల దగ్గర ఇసుక మేట, కాలవ నిండా గుర్రపు డెక్క.

ఇంకో సంగతి, వరి రకం. 1982లో మారుటేరు నుంచి స్వర్ణ వచ్చింది. దిగుబడి బాగా ఇచ్చింది, రైతులు వదల్లేదు. కానీ అది సుమారు 150 రోజుల పంట. నాట్లు ఆలస్యమైతే కోత నవంబర్‌లో పడుతుంది, అంటే తుఫాన్ల నెలలో. 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు నేలకొరిగాయి.

2010 చివర్లో కూడా కోతల టైమ్‌లో వానలు ముంచాయి. పన మీదే గింజ మొలకెత్తితే కొనేవాడు ఉండడు. 2011 సార్వాకి కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అన్నారు. సుమారు 90 వేల ఎకరాలు బీడుగా ఉండిపోయాయి. అప్పుడు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకి 1080 రూపాయలు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది.

దీన్ని అందరూ నిరసన అనే అన్నారు. నిజమే, నిరసనే. నాకైతే అందులో సర్దుబాటు కూడా కనిపిస్తుంది. ముంపు సీజన్ వదిలేసి, ఎండలో పండే దాళ్వా మీద నమ్మకం పెట్టుకోవడం అది. ఏ సెమినార్‌లోనూ నేర్చుకున్నది కాదు.

కానీ ఈ హాలిడే అందరికీ ఒకటే కాదండి. వేరే ఆదాయం ఉన్న భూమి యజమాని ఒక పంట ఆపగలడు. కౌలు రైతుకి ఆ సీజన్ పోతే అప్పే మిగులుతుంది. ఊడ్పులకెళ్లే ఆడవాళ్ల కూలి ఎవరు లెక్కేశారు? కౌలుదార్లకి గుర్తింపు కార్డులిచ్చే చట్టం కూడా అదే 2011లో వచ్చింది. చట్టం రావడం వేరు, యజమాని ఒప్పుకోవడం వేరు.

2022లో గోదావరి డెల్టాకి జూన్ 1నే నీళ్లు వదిలారు. పంట తుఫాన్ల కంటే ముందే చేతికి రావాలని. ఆలోచన మంచిదే. అయినా ఆ ఏడాది కోనసీమలో మళ్లీ క్రాప్ హాలిడే మాట వచ్చింది. డ్రెయిన్లు బాగు చెయ్యలేదు, అమ్మిన ధాన్యం డబ్బులు రాలేదు అన్నారు.

ముంపు తట్టుకునే స్వర్ణ సబ్-1 ఉంది కదా అని కామెంట్ పెడతారని తెలుసు. అది పైరు దశలో రెండు వారాల దాకా నీళ్ల కింద బతుకుతుంది. కోతకొచ్చి పడిపోయిన చేనుని అది కాపాడదు.

ఇక పూడిక తీయాలంటే కాలవలు కట్టేసే ఎండాకాలమే టైమ్. దాళ్వా కోత లేటయితే అందులోనూ రోజులు తగ్గుతాయి.