కనుమదారుల్లో ఇత్తడి రేడియేటర్ల కాలం

కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ వేసవి విడిది కట్టుకోవడంతో ఏనుగు మల్లమ్మ కొండకు ఆయన పేరే స్థిరపడింది. కురబలకోట స్టేషనుకు చేరువలోని ఆ కొండ ఎత్తు 1,265 మీటర్లు కాగా, దాని మలుపుల దారి, చిత్తూరు, పలమనేరుల నడుమ మొగిలి కనుమ, తిరుపతి నుంచి మదనపల్లె వచ్చేవారు దాటే భాకరాపేట కనుమ, ఈ మూడూ పాతకాలపు కార్ల ఇంజన్లకు గట్టి పరీక్షలే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీరు త్వరగా మరుగుతుంది కనుక, సముద్ర మట్టం వద్ద 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు హార్స్‌లీ కొండమీద దాదాపు 96 డిగ్రీలకే మరుగుతుంది. పైగా రెండో గేరులో నెమ్మదిగా ఎక్కే బండికి ఎదురుగాలి చాలదు.

ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీటిని సన్నని గొట్టాల్లో పారించి, గాలి తగిలేలా చేసి చల్లార్చే పరికరమే రేడియేటర్. దాని మూత కేవలం మూత కాదు, ఒత్తిడిని నిలిపే కవాటం కూడా; చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి నిలిపితే మరుగు స్థానం సుమారు 11 డిగ్రీలు పెరుగుతుంది. మూతలోని రబ్బరు వాషరు ఎండి పగిలితే ఆ వెసులుబాటంతా పోయి, ఇంజను బాగానే ఉన్నా నీరు పొంగిపోతుంది.

అటువంటి చిన్న వాషరు కూడా దొరకని రోజులు రావడానికి కనుమలు కారణం కాదు. 1928లో బొంబాయిలో కార్ల కూర్పు మొదలుపెట్టిన జనరల్ మోటార్స్, విడిభాగాలను దేశంలోనే తయారుచేయాలన్న 1953 నాటి ప్రభుత్వ విధానం తర్వాత 1954లో ఆ పని మానుకోగా, ఫోర్డ్ కూడా అదే దారి పట్టింది. అప్పటికే రోడ్లమీద ఉన్న షెవర్లేలు, ఫోర్డులు విడిభాగాలు లేని అనాథలయ్యాయి. వాటిని నడిపించే భారం మెకానిక్ షెడ్లమీద పడింది. తర్వాత వచ్చిన అంబాసిడర్లకు, ఫియట్లకు సరుకు కొంత దొరికినా, కనుమ మధ్యలో ఆగిన బండికి దుకాణం ఎక్కడ?

అందుకే డిక్కీలో నీళ్ల డబ్బాతోపాటు పాత సైకిలు ట్యూబు, బైండింగు తీగ, నైలాన్ తాడు ఉండేవి. చిరిగిన హోసు పైపును తుడిచి, ట్యూబును వేలెడు వెడల్పు పట్టీగా కోసి, సాగదీస్తూ ఒక చుట్టుమీద మరో చుట్టు సగం ఎక్కేలా బిగించి, రెండు కొసలా తీగతో మెలిపెట్టి కట్టేవారు. లోపలి ఒత్తిడికి అది ఊడకుండా మూతను కొంచెం వదులుగా ఉంచేవారు. నీటి పంపును, ఫ్యానును తిప్పే బెల్టు తెగితే తాడు ముడివేసి దగ్గరి ఊరు చేరేవారు. రేడియేటర్‌లోని సన్నని లీకుకు పసుపు పొడి కలిపిన నీరు పోస్తే, ఆ పొడి రంధ్రంలో చేరి పూడ్చేది. అయితే ఆ పసుపే గొట్టాల్లోనూ పేరుకుని తర్వాత బండిని మరింత వేడెక్కించేది. నీరు మరిగిందని థర్మోస్టాట్‌ను, అంటే ఇంజను తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు వదలని కవాటాన్ని, శాశ్వతంగా తీసిపారేసే అలవాటూ ఇటువంటిదే. కనుమలో అది ఊరటనిచ్చినా, చలికాలపు ఉదయాల్లో మదనపల్లె చలికి ఇంజను సరిగా వేడెక్కక పెట్రోలు వృథా అయ్యేది.

అసలైన మరమ్మతు పట్టణంలో జరిగేది. ఆనాటి రేడియేటర్లు రాగి, ఇత్తడితో చేసినవి కావడం వల్ల, బిందెకు మాటు వేసినట్టే వాటికీ టంకం పట్టేది. పైతొట్టిని వేడిచేసి విడదీసి, గట్టినీటి సున్నంతో పూడుకుపోయిన గొట్టాల్లో సన్నని చువ్వ దింపి శుభ్రం చేసి, చాకలి సోడా కలిపిన వేడినీటితో కడిగి, పాడైన గొట్టాన్ని రెండు కొసలా మూసి, మళ్లీ తొట్టిని అతికేవారు. ఆ పనిలో విదేశీ కంపెనీ నమూనాకంటే టంకం వేసే చేయే ముఖ్యం. ప్లాస్టిక్ తొట్టెను అంచు నొక్కి బిగించిన అల్యూమినియం రేడియేటర్లు వ్యాపించాక అటువంటి టంకానికి చోటు తగ్గి, పాడైనదాన్ని మార్చడమే మరమ్మతైంది. 2014లో అంబాసిడర్ తయారీ కూడా ఆగిపోయింది.

భారతదేశంలో కార్ల కూర్పు వదులుకున్న జనరల్ మోటార్సే, 1990లలో తన కార్ల రేడియేటర్ మూతలను మద్రాసుకు చెందిన సుందరం ఫాస్టెనర్స్ నుంచి కొనడం మొదలుపెట్టింది.