చిన్నారి పొట్ట ఉబ్బరం వెనుక నీటితిత్తి ఉండవచ్చు

దిల్‌సుఖ్‌నగర్: పిల్లవాడి పొట్ట కాస్త ఎత్తుగా కనిపిస్తే ఇంట్లో మొదట గుర్తుకొచ్చేది నులిపురుగుల మందు. దానితో తగ్గకపోతే అజీర్తి అంటారు, ఆపై కామెర్లు అంటారు, కొందరి విషయంలో క్షయ వరకూ వెళ్తారు. చాలామంది పిల్లల్లో ఈ అనుమానాల్లో ఏదో ఒకటి నిజమే అవుతుంది. ఏ మందుకూ లొంగని కొద్దిమందిలో మాత్రం అసలు కారణం పొట్టలో పెరుగుతున్న నీటితిత్తి. అరుదైనది కావడం వల్లే దీన్ని గుర్తించడంలో ఆలస్యం జరుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వరకు ప్రధాన రహదారి వెంట స్కానింగ్ కేంద్రాలకు కొదవ లేదు. ఏ పిల్లవాడిని ఎప్పుడు అక్కడికి తీసుకెళ్లాలన్నదే చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం.

ద్రవంతో నిండిన సంచినే తిత్తి లేదా సిస్టు అంటారు. పేగులను వెన్నువైపు పట్టి ఉంచే మీసెంటరీ పొరలోను, పేగుల ముందు తెరలా వేలాడే ఒమెంటమ్ అనే కొవ్వు పొరలోను శోషరస నాళాలు సరిగా ఏర్పడకపోతే అక్కడ ద్రవం చేరి తిత్తిగా మారుతుంది. ఆసుపత్రుల్లో చేరే పిల్లల్లో సుమారు 20 వేల మందికి ఒకరిలో ఇవి కనిపిస్తాయని వైద్య గ్రంథాల అంచనా. వ్యాధి మాత్రం కొత్తది కాదు. ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు చెందిన వైద్యుడు బెనివియేని ఒక బాలుడి శవపరీక్షలో చూసిన ఇలాంటి తిత్తి వివరాలు 1507లోనే అచ్చయ్యాయి.

పసరుకు తగ్గినట్లే తగ్గి...

వీటన్నింటిలో ఎక్కువగా మోసపుచ్చేది పిత్తనాళపు తిత్తి. కాలేయం నుంచి పేగులోకి పసరును తీసుకొచ్చే నాళం బుడగలా ఉబ్బడమే ఈ వ్యాధి. ఆడపిల్లల్లో మూడు, నాలుగు రెట్లు ఎక్కువ. కడుపునొప్పి, కామెర్లు, కుడివైపు పక్కటెముకల కింద గడ్డ దీని లక్షణాలని పుస్తకాల్లో ఉంటుంది గానీ, మూడూ ఒకేసారి కనిపించే పిల్లలు తక్కువే. కామెర్లు వస్తాయి, కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. ఈ మధ్యలో ఎవరో పసరు మందు పోస్తే తగ్గిన ఘనత దానికి దక్కుతుంది. తిత్తి మాత్రం అక్కడే ఉంటుంది. అలా ఏళ్లు గడిస్తే నాళంలో రాళ్లు, క్లోమగ్రంథి వాపు, కాలేయం దెబ్బతినడం, పెద్దయ్యాక క్యాన్సర్ ముప్పు కూడా ఉన్నాయి. అందుకే ఒకప్పటిలా తిత్తిని పేగుకు కలిపి ఊరుకోవడం మాని, ఇప్పుడు దాన్ని పూర్తిగా తొలగించి కాలేయ నాళాన్ని చిన్నపేగుకు కలుపుతున్నారు.

పసికందుల విషయంలో రోజులు కూడా లెక్కే. పుట్టిన రెండు వారాలు దాటినా పచ్చదనం తగ్గకపోయినా, మలం సున్నంలా తెల్లగా వస్తున్నా ఎండలో పడుకోబెట్టి వేచి చూడరాదు. అది పిత్తనాళపు తిత్తి కావచ్చు, నాళమే మూసుకుపోయిన మరో వ్యాధి కావచ్చు. రెండో దానికి శస్త్రచికిత్స రెండు నెలల వయసులోపు జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

పేగు గోడను ఆనుకుని పుట్టే జంటపేగు తిత్తులు ఎక్కువగా రెండేళ్లలోపే బయటపడతాయి. అప్పుడే పుట్టిన ఆడశిశువుల అండాశయంలో కనిపించే చిన్న తిత్తులు తల్లి హార్మోన్ల ప్రభావం వల్ల ఏర్పడినవి. చాలావరకు కొన్ని నెలల్లో అవే కరిగిపోతాయి. సైకిల్ హ్యాండిల్ పొట్టలో గట్టిగా తగిలిన కొన్ని వారాల తర్వాత వాపు, వాంతులు మొదలైతే క్లోమం చుట్టూ ద్రవం చేరిందేమో చూడాలి. పిల్లవాడు పడిన సంగతి ఇంట్లో మరచిపోయి ఉంటారు గనుక వైద్యుడు అడగకపోయినా చెప్పడం మంచిది.

జలోదరమా, తిత్తా?

పెద్ద తిత్తి పొట్ట నిండా పరుచుకుంటే పైకి అచ్చం జలోదరంలా ఉంటుంది. క్షయ మందులు మొదలుపెట్టే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. అనుభవమున్న వైద్యుడి వేళ్లకు తేడా తెలుస్తుంది. జలోదరంలో పక్కలపై తట్టితే మొద్దు శబ్దం వస్తుంది, పిల్లవాడిని పక్కకు తిప్పితే అది చోటు మారుతుంది. తిత్తి అయితే ముందుభాగంలోనే మొద్దు శబ్దం, పేగులు నెట్టుకుపోయిన పక్కల్లో డొల్ల శబ్దం వినిపిస్తాయి. అల్ట్రాసౌండ్‌లో జలోదరపు నీరు పేగు చుట్టల నడుమకు, కాలేయం కిందకు చేరి కనిపిస్తుంది. తిత్తిలోని ద్రవం ఒక గోడలో బందీగా, తరచూ సన్నని అడ్డుతెరలతో ఉంటుంది. జంటపేగు తిత్తికి పేగులాగే రెండు పొరల గోడ కనిపిస్తుంది. రిపోర్టులో ‘పొట్టలో నీరు’ అని మాత్రమే రాసి, పిల్లవాడి పరిస్థితి దానికి పొసగకపోతే పిల్లల స్కానింగ్‌లో అనుభవం ఉన్నవారితో మరోసారి చేయించాలి.

అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు. పిత్తనాళాల పూర్తి చిత్రం కావాలంటే ఎమ్మార్సీపీ చేస్తారు. అందులోనూ రేడియేషన్ లేదు, కాకపోతే చిన్నపిల్లలు కదలకుండా ఉండేందుకు మత్తు అవసరం కావచ్చు. సీటీ స్కాన్‌ను అవసరమైనప్పుడే రాస్తారు.

స్కానింగ్‌కు ముందే సూదితో నీరు తీయించడం మాత్రం ప్రమాదకరం. కుక్కల పేగుల్లో ఉండే ఒక బద్దెపురుగు గుడ్లు మనిషి కడుపులోకి చేరితే కాలేయంలో హైడాటిడ్ తిత్తి ఏర్పడుతుంది. గొర్రెల పెంపకం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఇది కనిపిస్తుంది. తగిన జాగ్రత్తలు లేకుండా దాన్ని పొడిస్తే తీవ్ర అలర్జీతో ప్రాణాపాయం రావచ్చు, పురుగు పొట్టంతా వ్యాపించవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి?

పచ్చటి వాంతులు, మలంలో రక్తం, జ్వరంతో కూడిన కామెర్లు, ఉన్నట్టుండి పొట్ట గట్టిపడి భరించలేని నొప్పి ఉంటే అదే రోజు పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. తిత్తి మెలిపడి ఉండవచ్చు, లోపల రక్తం చేరి ఉండవచ్చు. నగరంలో 1953 నుంచి సేవలందిస్తున్న నిలోఫర్‌తో పాటు గాంధీ ఆసుపత్రిలోనూ ఈ విభాగం ఉంది. అత్యవసరం కాని సందర్భాల్లో ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వాసులు మెట్రోలో నేరుగా లక్డీకాపూల్‌లో దిగి నిలోఫర్‌కు వెళ్లవచ్చు. గాంధీకి వెళ్లేవారు ఎంజీబీఎస్‌లో రైలు మారాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి రూ.10 లక్షలకు పెంచారు. తమ పిల్లవాడికి సూచించిన చికిత్స పథకం కిందకు వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరే ముందే అడిగి తెలుసుకోవాలి.

గర్భిణులకు అయిదో నెలలో చేసే టిఫా స్కాన్‌లోనే కొన్ని తిత్తులు బయటపడుతున్నాయి. అలా తెలిసినప్పుడు ఆ రిపోర్టును పారేయకుండా, ప్రసవం తర్వాత పిల్లల వైద్యుడికి చూపాలి. బిడ్డ పైకి ఆరోగ్యంగానే కనిపించినా మరోసారి స్కాన్ చేయించాలి. అప్పటి కొలతతో పోల్చి చూస్తేనే తిత్తి కరుగుతోందో, పెరుగుతోందో తేలుతుంది.