సీత పేరు, సీత కష్టాలు

పాపకి సీత అని పెడదామంటే "పిల్లకి సీత కష్టాలెందుకురా" అంది అమ్మ. జానకి, వైదేహి, మైథిలి అయితే సరేనట. మనిషి ఒకరే, పడ్డ కష్టాలూ అవే కదా! మగపిల్లలకి ఈ పట్టింపే లేదు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన పట్టాభి సీతారామయ్య పేరులో రాముడికంటే ముందు ఉన్నది సీతే.

జానకి అంటే జనకుడి కూతురు. వైదేహి విదేహ దేశపు ఆడపడుచు, మైథిలి మిథిలది. అన్నీ తండ్రిని బట్టో, ఊరిని బట్టో వచ్చినవే. సీత అంటే మాత్రం నాగటి చాలు. రామాయణం కంటే పాతదైన ఋగ్వేదంలో, నాలుగో మండలం 57వ సూక్తంలో, దయచూడమని, పంటలిమ్మని వేడుకునేది ఈ సీతనే. అక్కడ అడవి లేదు, లంక లేదు, అగ్నిప్రవేశమూ లేదు. నా ఓటు ఇంకా సీతకే.