ఆరు ఉక్కు బంతులు

ముందు చక్రాలతో బండి నడపాలన్న ఆలోచన చాలా పాతది. 1769లో ఫ్రాన్సులో నికోలా జోసెఫ్ క్యూన్యో ఫిరంగులు లాగడానికి తయారుచేసిన ఆవిరి బండి, ముందున్న ఒంటి చక్రం మీదే నడిచింది. అయినా ఆ తర్వాత వచ్చిన మోటారు కార్లు చాలాకాలం వెనక చక్రాలనే నమ్ముకున్నాయి.

చిక్కంతా స్టీరింగు దగ్గర ఉంది. వెనక చక్రాలు పక్కకు తిరగవు గనుక వాటికి ఇంజన్ శక్తి అందించడం సులువు. ముందు చక్రం మాత్రం దొర్లుతూనే కుడి ఎడమలకు మళ్లాలి. రాబర్ట్ హుక్ పేరుతో పదిహేడో శతాబ్దం నుంచీ ఉన్న, రెండు షాఫ్టులను కలిపే జాయింటు వంగి తిరిగితే వేగం నిలకడగా ఉండదు. ఒక్కో చుట్టుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. మలుపు తిప్పితే చాలు, ఆ కుదుపు నేరుగా డ్రైవరు చేతికి వచ్చేది.

ఎంత వంగినా ఒకే వేగంతో తిరిగే జాయింటు కోసం 1920లలో ఇద్దరు ముగ్గురు వేర్వేరు దారుల్లో వెళ్లారు. ఫ్రాన్సులో గ్రెగ్వార్, ఫెనాయ్ ‘ట్రాక్టా’ జాయింటు తెచ్చారు. అమెరికాలో ఫోర్డ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా మరోలా ఆలోచించాడు. లోపలి గిన్నెకూ బయటి గిన్నెకూ మధ్య గాడుల్లో ఆరు ఉక్కు బంతులు పెట్టాడు. షాఫ్టు ఎటు వంగినా ఆ బంతులు సరిగ్గా వంపు మధ్యలోనే నిలుస్తాయి, అందుకే వేగం మారదు. నా దృష్టిలో ముందు చక్రాల కారుకు అసలు తలుపు తెరిచింది ఈ బంతులే.

1934లో సిట్రోయెన్ కంపెనీ ముందు చక్రాలతో నడిచే ‘ట్రాక్సియాన్ అవాన్’ను విడుదల చేసింది. రోడ్డును అంటిపెట్టుకుని పోయే ఆ కారు చరిత్రలో నిలిచింది కానీ, దాన్ని తెచ్చిన ఆండ్రే సిట్రోయెన్ నిలవలేదు. అదే ఏడాది చివర కంపెనీ దివాలా తీసి మిషెలిన్ చేతికి పోయింది. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశాడు. కారు మాత్రం 1957 దాకా తయారవుతూనే ఉంది.

1956 సూయెజ్ సంక్షోభంతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ వచ్చింది. చిన్న కారు అవసరం కావడంతో ఇంజనీరు అలెక్ ఇస్సిగోనిస్ ఇంజన్‌ను అడ్డంగా తిప్పి, గేర్‌బాక్సును దాని కిందే ఇమిడ్చి, 1959లో పది అడుగుల మినీని తెచ్చాడు. జెప్పా తరహా జాయింటు లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు. మంచు పట్టిన కొండదారుల్లో సాగే మాంటే కార్లో ర్యాలీని మినీ 1964లో గెలిచింది. ఇంజన్ బరువు నడిపే చక్రాల మీదే పడటం దానికి కలిసొచ్చింది.

అయితే ఈ పద్ధతికి లోటు లేకపోలేదు. నిటారు ఎక్కుడులో బరువు వెనక్కి జరుగుతుంది. ముందు టైర్లు తేలికపడి, బురదలో ఊరికే తిరుగుతాయి. పైగా ఒక టైరుకు ఉన్న పట్టును లాగడానికీ మలుపుకూ పంచుకోవాలి. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కారు తిప్పిన వైపు తిరగక నేరుగా పోవడం అందుకే. నిండు లోడుతో ఘాట్ ఎక్కే బండికి వెనక చక్రాలే మేలని ఇప్పటికీ ఒప్పుకోవాలి.

వెనక చక్రాలతో నడిచే అంబాసిడర్, పద్మినీలకు అలవాటుపడ్డ మన రోడ్ల మీదికి 1983 డిసెంబరులో మారుతి 800 ముందు చక్రాల పద్ధతితోనే వచ్చింది. మీ కారు ముందు చక్రాలదైతే, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటక చప్పుడు వస్తోందేమో వినండి. వస్తుంటే జాయింటు మీది రబ్బరు బూటు చిరిగి గ్రీజు పోయుండొచ్చు. బూటు చిన్నగా చిరిగినప్పుడే మార్పిస్తే జాయింటు మిగులుతుంది.